ముందు మోకాలు, తర్వాతే పీయూసీ

ప్రశ్న: మాది హిందూపురం. పదకొండేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాం. మా అమ్మాయికి పదిహేనేళ్లు. ఏడో ఏట ఈతలో చేర్చాం. పదేళ్లు వచ్చేసరికి బ్రెస్ట్‌స్ట్రోక్ బాగా పడుతోందని కోచ్ అందులోనే పెట్టారు. రాష్ట్ర స్థాయిలో రెండుసార్లు పతకం వచ్చింది, నేషనల్స్‌లో ఒకసారి ఫైనల్‌కి వెళ్లింది. 100 మీటర్లు 1 నిమిషం 19 సెకన్లలో ఈదుతుంది. పద్నాలుగు నెలలుగా ఆ టైము అక్కడే ఆగిపోయింది. రోజూ నాలుగుంపావుకి లేచి నేనే స్కూటీ మీద పూల్‌కి తీసుకెళ్తాను. ఈ ఏడు టెన్త్ అయిపోయింది. జేఈఈ కోచింగ్ కూడా ఉండే పీయూసీ (ఇక్కడి ఇంటర్) కాలేజీలో చేర్చి, ఈత మానిపిద్దామని మావారు అంటున్నారు. ‘ఒలింపిక్స్‌కి వెళ్తుందా ఏమన్నానా’ అంటారు. పిల్ల నల్లబడిపోయిందనీ, భుజాలు వెడల్పయిపోయాయనీ మా అత్తగారి బెంగ. కోచ్ మాత్రం కిక్ సెట్లు (కాళ్లతో మాత్రమే ఈదే ప్రాక్టీసు) పెంచితే టైము తగ్గుతుందంటున్నారు. పిల్లని అడిగితే ఏమీ మాట్లాడదు. ఈ మధ్య మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుని, పక్కకి తిరిగి ఒక్కో మెట్టూ దిగుతోంది. ఏమిటంటే అలసట అంటుంది. మానిపించాలా, కొనసాగించాలా?
– ఒక తల్లి, బెంగళూరు

సమాధానం:

అమ్మా, మీ ప్రశ్నకి జవాబు చెబుతాను. కానీ ముందు ఆ మెట్ల సంగతి చూడాలి. మీరు ఉత్తరం చివర్లో ఏదో గుర్తొచ్చినట్టు రాసిన మాట అది. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. అలసిపోయిన పిల్ల మెట్లు నెమ్మదిగా దిగుతుంది, విసుక్కుంటూ దిగుతుంది. పక్కకి తిరిగి దిగదు. అలా దిగేది మోకాలు మీద బరువు పడితే భయపడేవాళ్లు. చూడకుండా జబ్బు పేరు నేను చెప్పకూడదు, చెప్పను. కానీ బ్రెస్ట్‌స్ట్రోక్ ఈదే పదిహేనేళ్ల పిల్ల అలా దిగుతోందంటే ఈ వారంలోనే డాక్టరుకి చూపించాలి. కాలేజీ అప్లికేషన్ కంటే ఇది ముందు.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో వినండి. మిగతా మూడు ఈతల్లో కాళ్లు పైకీ కిందకీ ఆడతాయి. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో అలా కాదు. మడమలు పిరుదుల దగ్గరికి తెచ్చి, పాదాలు బయటికి తిప్పి, నీటిని గుండ్రంగా వెనక్కి తోసి, రెండు కాళ్లూ దగ్గరికి బిగించాలి. కప్ప ఈత అని మన ఊళ్లలో అనేది ఇందుకే. మోకాలు ముందుకీ వెనక్కీ మడవడానికి ఉన్న కీలు. దాన్ని ఇక్కడ ప్రతి తన్నుకీ పక్కకి లాగుతున్నాం. ఆ లాగుడంతా మోకాలు లోపలి వైపున్న లిగమెంట్ మీద పడుతుంది. ఈత వైద్యంలో దీనికి ‘బ్రెస్ట్‌స్ట్రోకర్స్ నీ’ అని పేరే ఉంది. మీ అమ్మాయి 50 మీటర్లకి 22 స్ట్రోకులు వేస్తుందనుకోండి. ఒక పూట ప్రాక్టీసులో 2 కిలోమీటర్లు బ్రెస్ట్‌స్ట్రోక్ చేస్తే అవి దాదాపు 900 తన్నులు. రెండు పూటలు, వారానికి ఆరు రోజులు వేసుకుంటే లెక్క ఎక్కడికి పోతుందో చూడండి. అలాంటి మోకాలికి ఇంకా కిక్ సెట్లు పెంచుదామంటే గోరుచుట్టు మీద రోకటిపోటే. కోచ్‌ని తప్పు పట్టడం లేదు. పిల్ల చెప్పకపోతే ఆయనకి తెలియదు. ఒడ్డు మీంచి చూసేవాళ్లకి నీళ్లలో మోకాలు నొప్పి కనబడదు.

పిల్ల ఎందుకు చెప్పడం లేదో నాకు తెలుసనుకుంటాను. నేనూ అలాగే దాచాను.

మేము నెల్లూరు నుంచి చెన్నై వచ్చిన కుటుంబం. నేనూ బ్రెస్ట్‌స్ట్రోకే. పదిహేడో ఏట కుడి మోకాలు లోపలి వైపు సన్నగా సలపడం మొదలైంది. అప్పటి మా కోచ్‌తో ఒకసారి అన్నాను. ‘బ్రెస్ట్‌స్ట్రోక్ వాళ్లకి ఇది మామూలే’ అన్నారు. ఇంట్లో చెప్పలేదు. చెబితే మా నాన్న ‘అయితే మానెయ్’ అంటారని భయం. ఆయన అప్పటికే ఆ మాట అనడానికి ఒక కారణం కోసం చూస్తున్నారు. రాత్రి అందరూ పడుకున్నాక పాల ప్యాకెట్ కవర్లో ఐసు ముక్కలు వేసి, మోకాలు మీద పెట్టుకుని, దుప్పటి కప్పుకుని చదువుకునేదాన్ని. పొద్దున్న దుప్పటి తడిగా ఉంటే నీళ్ల సీసా ఒలికిందని చెప్పేదాన్ని. ఆ ఏడు ఒక మీట్‌కి నొప్పి మాత్ర వేసుకుని దిగాను. మూడో స్థానం వచ్చింది. ఆ సాయంత్రం బస్సు మెట్టు ఎక్కలేక కండక్టర్ చెయ్యి పట్టుకున్నాను. తర్వాత మళ్లీ ఆ టైము నేను ఎప్పుడూ ఈదలేదు. ఆరు వారాలు విశ్రాంతి ఇచ్చి ఉంటే సరిపోయేదని చాలా ఏళ్ల తర్వాత ఒక ఫిజియో చెప్పినప్పుడు నాకు ఏడుపు ఆగలేదు.

మీ ఇంట్లో ఇప్పుడు నడుస్తున్నది కూడా ఇదే అయ్యుంటుంది. ఆయన మానిపిద్దామంటున్నారు. మీరు ఎటూ తేల్చుకోలేకపోతున్నారు. ఈ సమయంలో పిల్ల ‘మోకాలు నొప్పి’ అంటే ఆ మాట ఆయన వాదనకి చివరి మేకు అవుతుందని దానికి తెలుసు. అందుకే అలసట అంటోంది. నొప్పి సంగతీ మానెయ్యాలా వద్దా అన్న సంగతీ ఒకదానికొకటి అంటుకుని ఉన్నంత కాలం ఆ పిల్ల నిజం చెప్పదు. ముందు వాటిని విడదీయాలి. ఆ పని మీ ఒక్కరి వల్ల కాదు. మీవారు తన నోటితో చెప్పాలి: ‘నీ మోకాలుకి ఏమున్నా సరే, దాన్ని అడ్డం పెట్టుకుని ఈత మానిపించను. అది వేరే మాట, దాని గురించి వేరేగా కూర్చుని మాట్లాడుకుందాం’ అని. ఆయన కఠినుడని నేననుకోవడం లేదు. కూతురి భవిష్యత్తు కోసం భయపడే తండ్రిలాగే కనిపిస్తున్నారు. ఈ మాట ఆయన చెప్పగలరు. చెప్పించండి.

డాక్టరు విషయానికొస్తే, స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టరో, క్రీడాకారుల్ని చూసే ఆర్థోపెడిక్ డాక్టరో అయితే మంచిది. బెంగళూరులో అలాంటివాళ్లకి కొదవ లేదు. నొప్పి మోకాలు లోపలి వైపా, చిప్ప కిందా, ఏ కదలికకి వస్తోంది అని అడుగుతారు. పిల్లనే చెప్పనివ్వండి, మీరు మధ్యలో అందుకోకండి. మంచి డాక్టరయితే తుంటి కీలు ఎంత తిరుగుతోందో కూడా చూస్తారు. తుంటి సరిగ్గా తిరగనివాళ్లు ఆ లోటంతా మోకాలుతో పూడుస్తారు, నొప్పి అక్కడ మొదలవుతుంది. చాలామంది పిల్లలకి బ్రెస్ట్‌స్ట్రోక్ కిక్ తగ్గించి, తుంటి కండరాలకి కసరత్తులిచ్చి, కాళ్ల మధ్య పుల్ బాయ్ (నీళ్లలో తేలే ఫోమ్ ముక్క) పెట్టుకుని చేతులతో ఈదిస్తే కుదుటపడుతుంది. అంటే పూల్ మానక్కర్లేదు, కొన్నాళ్లు వేరేలా ఈదాలి. ఎన్ని వారాలన్నది డాక్టరూ ఫిజియో చెప్పాలి. ఈలోగా స్టేట్ మీట్ వచ్చినా సరే, మాత్ర వేసి మాత్రం దింపకండి. ఈ ఒక్క విషయంలో బతిమాలుతున్నాను.

అదే చేత్తో రక్త పరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ కూడా చూడమని అడగండి. నెలసరి మొదలైన ఆడపిల్లలు ఇంత గట్టిగా ప్రాక్టీసు చేస్తే ఒంట్లో ఐరన్ నిల్వలు అడుగంటడం నేను ఈత నేర్పే పిల్లల్లో తరచూ చూస్తుంటాను. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఫెరిటిన్ తక్కువగా ఉండొచ్చు. అలాంటి పిల్ల ఎంత కష్టపడినా టైము కదలదు.

ఇక ఆగిపోయిన ఆ 1 నిమిషం 19. పద్నాలుగు నెలలంటే మీకు యుగంలా ఉంటుంది, నిజమే. కానీ పదమూడు నుంచి పదహారు మధ్య ఆడపిల్లల ఒళ్లు మారిపోతుంది. తుంటి వెడల్పవుతుంది, బరువు నిలిచే చోటు మారుతుంది. నాలుగు ఈతల్లోకీ నీరు ఎక్కువగా అడ్డుపడేది బ్రెస్ట్‌స్ట్రోక్‌లోనే. అందులో వేగమంతా చెయ్యి లాగడం, తల ఎత్తడం, కాలు తన్నడం, చాచుకుని జారడం ఒకదాని వెనక ఒకటి సరిగ్గా పడటంలో ఉంటుంది. ఒళ్లు మారితే ఆ తాళం తప్పుతుంది. ఫ్రీస్టైల్ పిల్లలు ఈ వయసులో బలంతో కొంత నెట్టుకొస్తారు. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో మళ్లీ నేర్చుకోవాల్సిందే. పైగా పదిహేను నిండిన పిల్ల గ్రూప్ 1 అనే పెద్ద వయసు విభాగంలోకి వచ్చింది, ఇప్పుడు పోటీ పదిహేడేళ్ల అమ్మాయిలతో. పతకం తగ్గితే పిల్ల తగ్గిందనుకోకండి.

మీరు రోజూ పూల్ ఒడ్డున కూర్చుంటారు కాబట్టి ఒక పని చెబుతాను. మోకాలు కుదుటపడి మళ్లీ పూర్తిగా ఈదడం మొదలెట్టాక స్టాప్‌వాచ్ పక్కన పెట్టేయండి. 50 మీటర్లకి ఎన్ని స్ట్రోకులు వేస్తోందో లెక్కపెట్టండి, అంతే. మొదటి 50కి 22, రెండో 50కి 28 అయితే చివర్లో జారడం మానేసి కొట్టుకుంటోందని అర్థం. ఆ ఒక్క లెక్క కోచ్‌కి రాసిస్తే ఆయనకి ఎంతో పనికొస్తుంది. రెండోది, గోడ దగ్గర చూడండి. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో రెండు చేతులూ ఒకేసారి గోడని తాకాలి. తోసుకున్నాక నీటి అడుగున చేతులు ఒకసారి తొడల దాకా లాగొచ్చు. దాంతో పాటు రెండు కాళ్లూ కలిపి చేప తోకలా కొట్టే డాల్ఫిన్ కిక్ ఒక్కటి, తర్వాత ఒక బ్రెస్ట్‌స్ట్రోక్ కిక్. దీన్ని పుల్‌అవుట్ అంటారు. ఆ డాల్ఫిన్ కిక్ 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ దాకా నిషేధమే. అక్కడ జపాన్ ఈతగాడు కోసుకే కితజిమా గెలుపు మీద పెద్ద గొడవ జరిగాక, మరుసటి ఏడు ఒక్క కిక్‌కి అనుమతిచ్చారు. ఈ పుల్‌అవుట్‌ని చాలామంది మన పిల్లలు ప్రాక్టీసులో ఊపిరి ఆపలేక సగంలోనే వదిలేసి పైకి వచ్చేస్తారు. 100 మీటర్లలో స్టార్ట్ దగ్గర ఒకటి, టర్న్ దగ్గర ఒకటి. ఆ రెండు చోట్లా సరిచేసుకుంటే మోకాలికి అదనపు భారం లేకుండా టైములో తేడా కనిపిస్తుంది. నేను నేర్పే పిల్లల్లో ముందు చూసేది అదే.

ఇక మీవారు అడిగిన ప్రశ్న. ఒలింపిక్స్‌కి వెళ్తుందా? ఆయనకి సూటిగానే చెబుతాను. 2024 పారిస్ ఒలింపిక్స్‌కి ఆడవాళ్ల 100 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌లో నేరుగా అర్హత టైము 1 నిమిషం 6.79 సెకన్లు. ఆ టైముతో ఈదే అమ్మాయి గోడ తాకేసరికి మీ అమ్మాయికి ఇంకా పదిహేను మీటర్లు మిగిలి ఉంటాయి. ఆ దూరం చిన్నదని నేను అబద్ధం చెప్పను. మన దేశం నుంచి ఏ ఈతలోనైనా అలా ఒలింపిక్స్‌కి నేరుగా అర్హత టైము (‘ఎ కట్’ అంటారు) మొదటిసారి అందుకున్నది 2021లో, సజన్ ప్రకాశ్. ఆ వెనకే మన బెంగళూరు కుర్రాడు శ్రీహరి నటరాజ్. ఇద్దరిదీ బ్రెస్ట్‌స్ట్రోక్ కాదు. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో మనవాళ్లలో దూరం వెళ్లింది సందీప్ సేజ్వాల్. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఈదాడు, 2014 ఇంచియాన్ ఏషియన్ గేమ్స్‌లో 50 మీటర్లలో కాంస్యం తెచ్చాడు. ఆ రెండిటి మధ్య ఆరేళ్లున్నాయి. ఆ ఆరేళ్లలో టైము కదలని నెలలు ఎన్నుంటాయో ఈ దారిలో నడిచినవాళ్లకి తెలుసు.

ఆగినవాళ్లు తిరిగి రాలేరనీ అనుకోకండి. లిథువేనియా అమ్మాయి రూటా మెయిలుటైటే 2012 లండన్‌లో 100 మీటర్ల స్వర్ణం గెలిచినప్పుడు సరిగ్గా మీ అమ్మాయి వయసే, పదిహేనేళ్లు. తర్వాత మనసు బాగా కుంగిపోయి, 2019లో ఈతే వదిలేసింది. మళ్లీ వచ్చింది. 2023లో ఇరవై ఆరేళ్ల వయసులో 50 మీటర్లలో 29.16 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టింది. బ్రిటన్ ఈతగాడు ఆడం పీటీ 100 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌ని 57 సెకన్లలోపు ఈదిన తొలి మనిషి. అతను కూడా 2023లో మనసు బాగాలేదని పోటీలకి విరామం ఇచ్చి, మరుసటి ఏడు పారిస్‌లో రజతం తెచ్చుకున్నాడు. స్వర్ణం పోయింది 0.02 సెకన్లలో. మీ అమ్మాయిని వాళ్లతో పోల్చడానికి ఇది చెప్పడం లేదు. అంత పెద్దవాళ్లకే విరామం పనికొచ్చినప్పుడు ఆరు వారాలో మూడు నెలలో ఆగితే మీ పిల్ల కొంప మునిగిపోదని ధైర్యం చెబుతున్నాను.

ఒలింపిక్స్ ఒక్కటే లెక్క అయితే ఈ దేశంలో పొద్దున్నే పూల్‌కి వెళ్లే పిల్లలందరూ రేపే ఇంట్లో కూర్చోవాలి. నా చుట్టూ చూస్తే రైల్వేలో స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం చేస్తూ ఇప్పటికీ ఈదేవాళ్లున్నారు. పోలీసు శాఖలో ఉన్నారు. బెంగళూరు నుంచే 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌కి వెళ్లిన శిఖా టండన్ తర్వాత అమెరికాలో బయాలజీ, బయోటెక్నాలజీ చదివి, అక్కడి యాంటీ డోపింగ్ సంస్థలో పని చేసింది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఈదిన నిషా మిల్లెట్ బెంగళూరులోనే పిల్లలకి ఈత నేర్పే అకాడమీ నడుపుతోంది. చిన్నప్పుడు నీళ్లలో మునిగిపోబోయి భయపడ్డ పిల్ల ఆమె. తండ్రే ధైర్యం చెప్పి చెన్నైలో ఈత నేర్పించాడు.

జేఈఈ మాట వచ్చింది కాబట్టి మీవారికి ఇది కూడా చూపించండి. ఐఐటీ మద్రాస్ 2024లో స్పోర్ట్స్ అడ్మిషన్ మొదలుపెట్టింది. ఒక్కో డిగ్రీ కోర్సులో రెండు అదనపు సీట్లు, అందులో ఒకటి అమ్మాయిలకే. జాతీయ స్థాయి పతకం ఉండాలి, జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు లిస్టులోనూ ఉండాలి. నియమాలు ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. కర్ణాటక సీఈటీలోనూ క్రీడాకారులకి సీట్లున్నాయి. అంటే ఈతా చదువూ ఎదురుబొదురు కూర్చుని కొట్టుకునేవి కావు. కానీ పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా కూర్చోబెట్టే కాలేజీలో చేర్చి, రెండు పూటలా ప్రాక్టీసు చెయ్యమంటే మాత్రం రెండూ పోతాయి, పిల్ల నిద్ర కూడా పోతుంది. నాలుగుంపావుకి లేచే పిల్ల రాత్రి పదకొండు దాకా ఫిజిక్స్ చేస్తే ఏ మోకాలూ మానదు. మామూలు పీయూసీ కాలేజీ, అటెండెన్స్‌లో కొంచెం పట్టువిడుపు ఉన్నది, పూల్‌కి దగ్గరలో ఉన్నది చూడండి. సైన్సే కావాలంటే సైన్సే. జేఈఈ కోచింగ్ కావాలా అన్నది పిల్ల తేల్చుకోవాలి. దానికి లెక్కలంటే ఇష్టమా, కాదా? మీ ఉత్తరంలో అందరి మాటలూ ఉన్నాయి, దాని మాట ఒక్కటి కూడా లేదు.

మీరు ఒక గడువు వేసుకోండి. మోకాలు బాగైన రోజు నుంచి ఒక పూర్తి సీజన్. ఆ సీజన్‌లో ఎవ్వరూ మానిపించే మాట ఎత్తకూడదు, మీవారితో సహా. సీజన్ అయ్యాక పిల్ల ముందు మాట్లాడుతుంది, మీరిద్దరూ తర్వాత. అప్పుడు అది మానేస్తానంటే సంతోషంగా మాననివ్వండి. ఎనిమిదేళ్లు వృథా అయ్యాయని ఒక్క మాట కూడా అనకండి. ఈదుతానంటే పీయూసీ రెండో ఏడు ఎలా సర్దుకోవాలో అప్పుడు కూర్చుని చూసుకోవచ్చు.

అత్తగారి బెంగకి నా దగ్గర ఉన్నది ఒక్కటే. ఆవిడని ఒకసారి మీట్‌కి తీసుకెళ్లండి. స్టాండ్‌లో ముందు వరసలో కూర్చోబెట్టండి. మనవరాలి భుజాలు నీళ్లు చీల్చుకుంటూ పైకి లేవడం దగ్గర్నుంచి చూసిన అవ్వలు మళ్లీ వాటి గురించి మాట్లాడటం నేను వినలేదు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఫోన్‌లో ఒక వీడియో పెట్టుకుని వెళ్లండి. మీ అపార్ట్‌మెంట్ మెట్లు అది దిగుతున్నప్పుడు తీసినది. రహస్యంగా తీయకండి, దానికి చెప్పి తీయండి. డాక్టరు ‘ఎన్నాళ్లుగా’ అని అడిగినప్పుడు మీరు గది బయట కూర్చోవలసి వచ్చినా పర్వాలేదు. ఆ జవాబు ఎవరి భయం లేకుండా అది తనంతట తానే చెప్పనివ్వండి. డాక్టరు ఏమన్నారో నాకు మళ్లీ రాయండి, ఎదురుచూస్తుంటాను.